పుట్టుమచ్చను ఉంచుకోవాలా, గమనిస్తూ ఉండాలా, తీయించుకోవాలా?

మా అక్కకి ఎడమ చెంప మీద మిరియపు గింజంత పుట్టుమచ్చ ఉండేది. కాస్త ఉబ్బెత్తుగా, నున్నగా, నల్లగా. నాలుగేళ్ల క్రితం ఒక క్లినిక్‌లో లేజర్‌తో తీయించుకుంది. పది నిమిషాల పని. చెక్కు కట్టింది, వారం పది రోజుల్లో రాలిపోయింది, అందరం బాగుందనే అన్నాం. ఏడాది తిరక్కుండానే అదే చోట, తెల్లబడ్డ చర్మం మధ్యలో, గోధుమరంగు మరక తేలింది. అంచులు వంకరటింకరగా ఉన్నాయి. ఒక పక్క ముదురు, ఒక పక్క లేత. ఈసారి చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్లాం. ఆవిడ మచ్చ మీద భూతద్దం లాంటి పరికరం ఆనించి చాలాసేపు చూసి, తలెత్తి అడిగిన మొదటి ప్రశ్న ఇది: "అప్పుడు తీసిన ముక్క రిపోర్ట్ ఉందామ్మా?"

రిపోర్ట్ లేదు. అసలు ముక్కే లేదు. లేజర్ దాన్ని కాల్చేసింది. ల్యాబ్‌కి పంపాలని మాకు ఎవరూ చెప్పలేదు, అడగాలని మాకూ తెలియదు.

ఆ మరకను కోసి తీసి ల్యాబ్‌కి పంపారు. రిపోర్ట్ వచ్చేదాకా తొమ్మిది రోజులు ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు. చివరికి ప్రమాదం లేనిదే అని తేలింది. లేజర్‌కి అందకుండా లోపల మిగిలిన కణాలు మళ్లీ రంగు వేశాయంతే. పైపైన తీసిన పుట్టుమచ్చల్లో ఇలా జరగడం మామూలేనట. అలా తిరిగొచ్చిన మచ్చ చూడ్డానికి క్యాన్సర్‌లా ఉండటం కూడా మామూలేనట. మొదటిసారి తీసినప్పుడు ఆ మిరియపు గింజని ఒక చిన్న సీసాలో వేసి పంపి ఉంటే ఆ టెన్షన్ చాలావరకు ఉండేది కాదు.

అప్పట్నుంచి ఎవరైనా "లేజర్ మంచిదా, ఆపరేషన్ మంచిదా?" అని అడిగితే నేను ముందు ఇంకో ప్రశ్న వేస్తాను: "అసలు అది ఏ మచ్చ?" అది తేలితే పద్ధతి ఎంచుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. అది తేలకుండా ఎంచుకున్న పద్ధతి ఎంత ఆధునికమైనదైనా మా అక్కకి జరిగినట్టే జరగొచ్చు.

ఒకే మాట, రెండు వేరు సంగతులు

మనం అన్నిటినీ పుట్టుమచ్చ అనే అంటాం. పుట్టుకతో వచ్చిన మరకనీ అలాగే అంటాం, పదిహేనేళ్లప్పుడు మెడ మీద కొత్తగా తేలిన నల్లచుక్కనీ అలాగే అంటాం. నిజానికి మన ఒంటి మీద ఉన్న నల్లచుక్కల్లో ఎక్కువ భాగం పుట్టుకతో వచ్చినవి కావు. అలాంటి గోధుమ, నలుపు రంగు కణాల మచ్చతో పుట్టేది దాదాపు 100 మందిలో ఒక్కరే. మిగతావన్నీ చిన్నతనంలో, టీనేజ్‌లో, 20లు, 30ల వయసులో ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. పెద్దవాళ్లలో 10 నుంచి 40 దాకా ఉండటం సాధారణం.

చర్మానికి రంగునిచ్చే కణాలు మెలనోసైట్లు. మామూలుగా ఇవి చర్మం పైపొర అడుగున విడివిడిగా సర్దుకుని ఉంటాయి. వీటిలో ఒకదాని జన్యువులో చిన్న మార్పు వస్తే అది విభజన చెందడం మొదలుపెడుతుంది, కొంతదూరం వెళ్లి ఆగిపోతుంది. అలా ఆగిపోయిన కణాల గుంపే పుట్టుమచ్చ. చాలా పుట్టుమచ్చల్లో కనిపించే ఆ మార్పు పేరు బీరాఫ్. మెలనోమా అనే చర్మ క్యాన్సర్లలో దాదాపు సగం వాటిలోనూ అదే మార్పు ఉంటుంది. తేడా ఏమిటంటే, పుట్టుమచ్చలో కణం తనకు తానే బ్రేక్ వేసుకుని ఏళ్లతరబడి అలాగే ఉండిపోతుంది.

పుట్టుమచ్చకి ఒక జీవితం కూడా ఉంటుంది. చిన్నప్పుడు చదునుగా, నల్లగా ఉన్నది వయసుతో నెమ్మదిగా ఉబ్బి, మెత్తబడి, రంగు తగ్గి, చివరికి చర్మం రంగులోనే చిన్న బుడిపెగా మిగలొచ్చు. కణాలు పైపొర నుంచి లోపలికి దిగుతూ ఉండటమే దీనికి కారణం. కొన్నేళ్ల మీద నిదానంగా జరిగే ఈ మార్పుకి భయపడక్కర్లేదు. కొన్ని వారాల్లోనో, నెలల్లోనో జరిగేదాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు.

పుట్టుమచ్చలనిపించి కానివీ ఉన్నాయి. మెడ చుట్టూ, చంకల్లో తోకలా వేలాడే మెత్తటి పులిపిర్లు వేరు. నడివయసు దాటాక వీపు మీద, ముఖం మీద మైనం ముద్ద అంటించినట్టు గరుకుగా వచ్చే గోధుమరంగు బిళ్లలు వేరు. ఇవి ప్రమాదం లేనివి, తీయించుకోవడం మీ ఇష్టం. అయితే ఇది పులిపిరే అని తేల్చాల్సింది చూసి చెప్పగల వైద్యులు, అద్దం కాదు.

పసిబిడ్డ ఒంటి మీద మచ్చ: ఆగాలా, వెంటనే వెళ్లాలా?

ఇక అసలైన పుట్టుకతో వచ్చే మచ్చలు. వీటిలో రెండు కుటుంబాలున్నాయి: రక్తనాళాలవి, రంగు కణాలవి. ఎర్రగా, గులాబీగా ఉన్నవి మొదటి కుటుంబం. గోధుమ, నలుపు, నీలం రంగుల్లో ఉన్నవి రెండోది.

ఎర్ర మచ్చల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే పెద్దవాళ్లు "అదే పోతుందిలే" అనే మాట వీటిలో ఒకదానికి చాలావరకు నిజం, ఒకదానికి సగమే నిజం, ఒకదానికి పూర్తిగా తప్పు. ఆ మూడూ తొలిరోజుల్లో చూడ్డానికి ఒకేలా ఉండొచ్చు.

మొదటిది, కనురెప్పల మీద, నుదుటి మధ్యలో, మెడ వెనక లేత గులాబీ రంగులో కనిపించే చదునైన మచ్చ. పసిపిల్లల్లో చాలా తరచుగా కనిపిస్తుంది. బిడ్డ ఏడిస్తే ఎర్రబడుతుంది, వేలితో నొక్కితే పాలిపోతుంది, సాధారణంగా ముఖం నడిమి గీతకి అటూ ఇటూ ఉంటుంది. రెప్పల మీదిది ఏడాది, రెండేళ్లలో పోతుంది. మెడ వెనకది ఉండిపోయినా జుట్టు కింద కనపడదు. దీనికి ఏమీ చేయక్కర్లేదు.

రెండోది హెమాంజియోమా. వంద మంది శిశువుల్లో నలుగురైదుగురికి వస్తుంది. ఆడపిల్లల్లో, నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో ఎక్కువ. పుట్టినరోజున దాదాపు ఏమీ కనిపించదు. మహా అయితే చిన్న గీరుడులాగో, పాలిపోయిన మరకలాగో ఉంటుంది. రెండు మూడు వారాలకి అక్కడ ఎర్రటి చుక్కలు లేస్తాయి, ఆ తర్వాత చూస్తుండగానే ఉబ్బుతుంది. 5 నుంచి 8 వారాల మధ్య దీని వేగం అన్నిటికంటే ఎక్కువ. ఐదు నెలలకి పెరుగుదల చాలావరకు పూర్తవుతుంది. తర్వాత నెమ్మదిగా రంగు తగ్గి, మెత్తబడి, మూడు నాలుగేళ్లకి చాలావరకు తగ్గిపోతుంది.

కాబట్టి "అదే పోతుంది" అన్నది నిజమే. కానీ పోయేలోపు అది ఏం చేస్తుందన్నది అది ఉన్న చోటుని బట్టి ఉంటుంది. కంటి దగ్గరుంటే ఎదుగుతున్న చూపుకి అడ్డుపడొచ్చు. పెదవి మీద, మలద్వారం చుట్టుపక్కల ఉంటే పుండు పడి పాలు తాగడానికీ, శుభ్రం చేయడానికీ నరకం చూపిస్తుంది. ముక్కు కొన మీద ఉంటే ఆకారం మార్చేస్తుంది. గడ్డం, దవడ ప్రాంతమంతా ఉంటే శ్వాసనాళంలోనూ ఒకటి ఉండొచ్చు. ఒంటి మీద ఐదు, అంతకంటే ఎక్కువ ఉంటే కాలేయానికి స్కాన్ చేయమంటారు. ముఖంలో ఒక భాగం మొత్తం కప్పేసినట్టుంటే మెదడు రక్తనాళాలు, గుండె కూడా పరీక్షిస్తారు. ఏ ఇబ్బందీ లేని చోట ఉన్నా, బాగా ఉబ్బింది తగ్గాక చర్మం సాగిపోయి ముడతలుగా మిగిలే అవకాశం ఉంది.

దీనికి మందు దొరికిన తీరు ఆశ్చర్యంగా ఉంటుంది. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో క్రిస్టీన్ లెయోటె-లాబ్రెజ్ బృందం, గుండె సమస్యకి ప్రొప్రనొలాల్ అనే మందు ఇచ్చిన ఒక బిడ్డలో హెమాంజియోమా మెత్తబడి రంగు తగ్గడం గమనించింది. 2008లో ఆ సంగతి ప్రచురించారు. అంతవరకు ప్రధానంగా స్టెరాయిడ్ల మీద ఆధారపడ్డ వైద్యం అక్కడితో మారిపోయింది. ఇప్పుడు చికిత్స అవసరమైన పిల్లలకి మొదటి ఎంపిక ఇదే. నోటి ద్వారా, కనీసం ఆరు నెలలు. బిడ్డకి పాలు పట్టకుండా ఇవ్వకూడదు, ఎందుకంటే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. బిడ్డకి ఒంట్లో బాగోలేక సరిగ్గా తాగని రోజు ఈ మందు ఆపాలా వద్దా అని వైద్యుల్ని ముందే అడిగి పెట్టుకోండి. చిన్నవీ, పల్చటివీ అయితే టిమొలాల్ చుక్కలు పైన రాస్తే సరిపోవచ్చు. చికిత్సా, ఎదురుచూడటమా అన్న నిర్ణయం బిడ్డకి నెల నిండేసరికి వైద్యుల ముందు జరగాలి. ఆరో నెలలో వెళితే, అది పెరగాల్సినంతా పెరిగాక వెళ్లినట్టు.

మూడోది పోర్ట్ వైన్ మచ్చ. వెయ్యి మందిలో ముగ్గురికి ఉంటుంది. పుట్టినరోజునే పూర్తిగా ఉంటుంది, చదునుగా ఉంటుంది, తరచుగా ముఖంలో ఒక పక్కకే పరిమితమవుతుంది. హెమాంజియోమాలాగా ఉన్నట్టుండి ఉబ్బదు, బిడ్డతో పాటే అదే నిష్పత్తిలో సాగుతుంది. ఇది దానంతట అది పోదు. వయసుతో ఎర్రటిది ఊదాగా ముదిరి, కొందరిలో మందమై బుడిపెలు కూడా కడుతుంది. సోవియట్ నాయకుడు మిహాయిల్ గోర్బచేవ్ నుదుటి మీద ప్రపంచమంతా చూసిన మచ్చ ఇదే. 2013లో దీని కారణం తెలిసింది: గర్భంలో పిండం ఎదుగుతున్నప్పుడు ఒక కణంలో జీఎన్ఏక్యూ అనే జన్యువులో వచ్చిన మార్పు. అంటే తల్లి ఏదో తిన్నందుకో, చూసినందుకో, ఎక్కడో గీరుకున్నందుకో వచ్చేది కాదు. ఇది అమ్మలందరికీ చెప్పాల్సిన మాట.

నుదురు, పైరెప్ప మీద ఈ మచ్చ ఉన్న బిడ్డకి అందం సంగతి తర్వాత. ముందు కంటి వైద్యులు, నరాల వైద్యులు చూడాలి. కొందరిలో ఇది మెదడు పొరల్లోని రక్తనాళాలకీ వ్యాపించి ఫిట్స్ తెప్పిస్తుంది, కంట్లో ఒత్తిడి పెంచుతుంది. మచ్చకి వాడేది పల్స్డ్ డై లేజర్. ఎర్రటి రక్తం పీల్చుకునే 595 నానోమీటర్ల కాంతి అది, పై చర్మాన్ని పెద్దగా కాల్చకుండా నాళాలనే దెబ్బతీస్తుంది. చాలాసార్లు చేయించాలి, పలచబడుతుంది, పూర్తిగా మాయం కావడం తక్కువమందిలోనే. పసితనంలో చర్మం పల్చగా, మచ్చ చిన్నగా ఉంటుంది కనుక త్వరగా మొదలుపెడితే ఫలితం మేలు. "పెద్దయ్యాక చూద్దాం" అనుకోవడం ఇక్కడ నష్టమే.

ఇంతకీ రెండో, మూడో మచ్చల్ని విడదీసి చూడటం ఎలా? ఫోన్‌లో తేదీతో ఫొటోలు. వారానికొకటి, అదే వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి. మూడు ఫొటోలు పక్కపక్కన పెడితే ఉబ్బుతోందా, అలాగే ఉందా అన్నది మీకే తెలిసిపోతుంది. వైద్యుల దగ్గరికి వెళ్లినప్పుడు మీరు నోటితో చెప్పే పది మాటల కంటే ఆ మూడు ఫొటోలు ఎక్కువ చెబుతాయి.

రంగు మచ్చతో పుడితే

నడుము కింద, పిరుదుల మీద నీలం, బూడిద రంగులో కమిలినట్టు కనిపించే చదునైన మచ్చ ఆసియా, ఆఫ్రికా మూలాల పిల్లల్లో చాలా ఎక్కువ. రంగు కణాలు చర్మం లోతుల్లో ఆగిపోవడం వల్ల నీలంగా కనిపిస్తుంది. చాలామందిలో బడికి వెళ్లే వయసుకల్లా పోతుంది. ఏమీ చేయొద్దు. కాకపోతే దాన్ని దెబ్బ అనుకునే ప్రమాదం ఉంది కనుక బిడ్డ రికార్డులో రాయించి ఉంచండి.

పాలు కలిపిన కాఫీ రంగు మచ్చ ఒకటి రెండు ఉంటే పట్టించుకోనక్కర్లేదు. యుక్తవయసు రాకముందు 5 మిల్లీమీటర్లు దాటినవి ఆరు, అంతకంటే ఎక్కువ ఉంటే మాత్రం న్యూరోఫైబ్రొమటోసిస్ అనే జన్యు సమస్య కోసం పరీక్షించాలి. ఇక్కడ లేజర్ గురించి ఆలోచించడానికి ముందు లెక్కపెట్టడం ముఖ్యం.

కంటి చుట్టూ, చెంప మీద నీలి బూడిద రంగులో పరుచుకునే ఓటా మచ్చకి క్యూ స్విచ్డ్ రకం లేజర్లు, అంటే కాంతిని అతి చిన్న మెరుపులుగా పంపేవి, బాగా పనిచేస్తాయి. కానీ కంటి పరీక్ష తప్పనిసరి, కంట్లోనూ ఆ రంగు దిగి ఒత్తిడి పెరగొచ్చు.

ఇక పుట్టుకతో వచ్చిన నల్ల పుట్టుమచ్చ. దీనిలో నిర్ణయమంతా సైజు మీదే. పెద్దయ్యాక 1.5 సెంటీమీటర్ల లోపు ఉండేవి చిన్నవి. 20 సెంటీమీటర్లు దాటేవి పెద్దవి. బిడ్డతో పాటు మచ్చా సాగుతుంది: తల మీదిది రెండు రెట్ల లోపు, ఒంటి మీదిది దాదాపు మూడు రెట్లు. చిన్నవాటిలో క్యాన్సర్ వచ్చే అవకాశం చాలా తక్కువ, కాబట్టి పిల్లవాడు పెద్దయ్యి తనే చెప్పేదాకా ఆగినా తప్పు లేదు. పెద్దవాటిలో ముప్పు నిజమైనది, వస్తే చిన్నతనంలోనే రావొచ్చు. అలాంటి పిల్లల్ని పుట్టిన తొలినాళ్ల నుంచే చర్మవైద్యులు చూస్తూ ఉండాలి. పెద్ద మచ్చతో పాటు ఒళ్లంతా చిన్న మచ్చలుంటే మెదడుకి ఎంఆర్ఐ కూడా అవసరపడొచ్చు. గతంలో మొత్తం కోసి తీసేయడమే మేలనుకునేవారు. ఎంత తీసినా లోతుల్లో కణాలు మిగులుతాయి, ముప్పు సున్నా కాదు. అందుకే ఇప్పుడు ఆపరేషన్‌ని ఎక్కువగా రూపం కోసం, అనుమానంగా మారిన భాగం కోసం ఆలోచిస్తున్నారు. లేజర్ వీటి రంగును పలచన చేస్తుంది గానీ కింది కణాల్ని తీసేయదు.

పెద్దవాళ్లలో: ఉంచుకోవడం, గమనించడం, తీయించడం

మీకు 35 ఏళ్లు. ఒంటి మీద పాతిక పుట్టుమచ్చలున్నాయి. "ఎందుకైనా మంచిది, అన్నీ తీయించేస్తే?" అన్న ఆలోచన రావడం సహజం. ఆ ఖర్చూ, ఆ నొప్పీ వృథా. ఎందుకంటే మెలనోమాల్లో 10కి దాదాపు 7 పాత పుట్టుమచ్చ నుంచి పుట్టవు, ఏ మచ్చా లేని చర్మం మీదే కొత్తగా మొదలవుతాయి. కాబట్టి ఎక్కువమందికి సరైన ఎంపిక రెండోది: ఉన్నవాటిని ఉండనిచ్చి, నెలకోసారి ఒళ్లంతా చూసుకోవడం.

చూసుకోవడానికి 1985లో న్యూయార్క్ యూనివర్సిటీ వైద్యులు ఒక సూత్రం ఇచ్చారు, 2004లో దానికి చివరి అక్షరం చేరింది. ఏబీసీడీఈ అంటారు. మన మాటల్లో: ఒక సగం ఇంకో సగంలా లేకపోవడం, అంచులు గీసినట్టు కాక చెదిరిపోవడం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు, 6 మిల్లీమీటర్లు అంటే పెన్సిల్ వెనక రబ్బరుని మించిన వెడల్పు, వీటన్నిటికంటే ముఖ్యంగా, మార్పు. సూత్రం మంచిదే, కానీ ఒక రకం మెలనోమా దీన్ని తప్పించుకుంటుంది. గుండ్రంగా, ఒకే రంగులో, గట్టి బుడిపెలా లేచి వారాల్లో పెరిగేది. కొన్నిసార్లు నల్లగా కూడా ఉండదు, గులాబీ రంగులో ఉంటుంది. ఉబ్బు, గట్టిదనం, ఆగని పెరుగుదల ఈ మూడూ కలిస్తే ఆకారం చక్కగా ఉన్నా వెళ్లాలి.

నాకు వీటన్నిటికంటే ఇంట్లో పనికొచ్చేదిగా అనిపించింది 1998లో ఫ్రెంచ్ వైద్యులు చెప్పిన గుర్తు. ఒకే మనిషి ఒంటి మీద పుట్టుమచ్చలన్నీ దాదాపు ఒకే పోలికతో ఉంటాయి, అన్నదమ్ముల్లాగా. వాటిలో ఏది మిగతావాటితో కలవదో దాన్ని చూపించాలి. ఇది కొలతలు గుర్తుపెట్టుకోలేనివాళ్లకి కూడా పట్టుబడుతుంది.

చర్మం ఛాయ ముదురుగా ఉన్నవాళ్లకి మెలనోమా తక్కువే. కానీ వచ్చినప్పుడు ఎక్కువగా ఎండ తగలని చోట్ల వస్తుంది: అరికాలు, అరచేయి, గోరు కింద. గాయకుడు బాబ్ మార్లీకి వచ్చింది కాలి వేలి గోటి కింద. 1981లో 36 ఏళ్లకే చనిపోయారు. ముదురు ఛాయ వాళ్లలో చాలా గోళ్ల మీద సన్నటి నల్లగీతలు ఉండటం మామూలే. ఒక్క గోటికే కొత్తగా గీత వచ్చి, వెడల్పవుతూ, గోటి చుట్టూ ఉన్న చర్మంలోకి రంగు పాకుతుంటే ఆలస్యం చేయకండి. నెలవారీ చూపులో కాళ్లు పైకి పెట్టి అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవడానికి ఒక నిమిషం కేటాయించండి. చాలామంది మర్చిపోయేది అక్కడే.

చర్మవైద్యుల దగ్గర డెర్మోస్కోప్ ఉంటుంది. పది రెట్లు పెద్దది చేసి చూపుతూ, చర్మం మెరుపుని తీసేసి లోపలి రంగుల అల్లికని చూపిస్తుంది. ఫోన్ యాప్ "ఏమీ లేదు" అన్నంత మాత్రాన ఆగిపోవద్దు. మచ్చలు 50 దాటినవాళ్లు, ఇంట్లో ఎవరికైనా మెలనోమా వచ్చినవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు ఎంత తరచుగా చూపించుకోవాలో వైద్యుల్ని అడిగి తేల్చుకోవాలి. గర్భంతో ఉన్నప్పుడు పొట్ట, రొమ్ముల మీద మచ్చలు చర్మంతో పాటు కాస్త సాగొచ్చు. "కడుపుతో ఉన్నప్పుడు అంతే" అని మిగతా మార్పుల్ని కొట్టిపారేయడం మాత్రం తప్పు.

మచ్చ మీద వెంట్రుక వస్తే కత్తిరించుకోవచ్చు, అది ప్రమాదానికి గుర్తు కాదు. గోరు తగిలి ఒకసారి రక్తం వస్తే మానిపోతుంది. ఏమీ తగలకుండానే రక్తం కారినా, రెండు మూడు వారాలకీ మానకపోయినా చూపించాలి.

తీయించాలనుకుంటే ఏ పద్ధతి?

తీయించడానికి న్యాయమైన కారణాలు మూడు. అనుమానం, రాపిడి, ఇష్టం లేకపోవడం. మూడోది చిన్న కారణమేమీ కాదు. రోజూ అద్దంలో కనిపించే మచ్చ మనసుని తొలుస్తుంటే తీయించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ కారణాన్ని బట్టి పద్ధతి మారాలి.

అనుమానం ఉంటే పద్ధతి ఒక్కటే అని నా గట్టి అభిప్రాయం. మచ్చ మొత్తాన్నీ చుట్టూ ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల మామూలు చర్మంతో సహా పూర్తి లోతుకి కోసి తీసి కుట్లు వేయడం. మత్తు ఇంజెక్షన్ అక్కడికక్కడే ఇస్తారు, ఇంటికి నడిచే వెళ్తారు. సన్నటి గీత మిగులుతుంది. లోతు ఎందుకంటే, మెలనోమా అయితే తర్వాతి చికిత్స చాలావరకు అది చర్మంలోకి ఎన్ని మిల్లీమీటర్లు దిగిందన్న దాని మీద ఆధారపడుతుంది. అలెగ్జాండర్ బ్రెస్లో అనే పాథాలజిస్ట్ 1970లో చూపించిన కొలత అది. సగం తీసిన, కాల్చిన మచ్చలో ఆ కొలత దొరకదు.

చర్మం పైకి ఉబ్బి ఉన్న, మెత్తటి, వైద్యులు చూసి ప్రమాదం లేదని చెప్పిన మచ్చకి షేవింగ్ పద్ధతి బాగుంటుంది. మత్తిచ్చి, పల్చటి బ్లేడుతో చర్మం మట్టానికి తీస్తారు. కుట్లుండవు, మానాక చదునైన లేత మచ్చ మిగులుతుంది, ముఖం మీద చాలాసార్లు కుట్ల గీత కంటే ఇదే మేలు. లోపాలు రెండు: అడుగున కణాలు మిగిలి రంగు తిరిగి రావొచ్చు, వెంట్రుక మళ్లీ మొలవొచ్చు. తీసిన ముక్క మాత్రం చేతిలో ఉంటుంది, ల్యాబ్‌కి పంపొచ్చు.

లేజర్, రేడియో ఫ్రీక్వెన్సీ, కాటరీ ఈ మూడింటికీ ప్రచారం ఎక్కువ. రక్తం రాదు, త్వరగా అయిపోతుంది. పులిపిర్లకీ, ఏదో తేలిపోయిన చిన్న బిళ్లలకీ ఇవి సరిపోతాయి. నల్ల పుట్టుమచ్చకి నేనైతే ఒప్పుకోను. కాల్చడం వల్ల ముక్క దక్కదు, లోతు కణాలు మిగులుతాయి, ముదురు ఛాయ మీద నల్లటి లేదా తెల్లటి మరక పడే అవకాశమూ ఎక్కువ. ముందు షేవ్ చేసి ముక్కని ల్యాబ్‌కి పంపి, అడుగుని మాత్రం లేజర్‌తో నున్నగా చేసే వైద్యులున్నారు. అది వేరు, అందులో ముక్క మిగులుతుంది.

ఇంట్లో పూసుకునే క్రీములు, యాసిడ్లు, దారం కట్టి రాలగొట్టడం, వీటిని ఏ పోలికలోనూ పెట్టను. చర్మాన్ని పుండు చేసి పైభాగాన్ని రాలగొడతాయి. పైన మచ్చ పోయినట్టుండి కింద క్యాన్సర్ కణాలు అలాగే పెరిగిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

చోటు కూడా చూసుకోవాలి. రొమ్ము మధ్య ఎముక మీద, భుజాల మీద, చెవి తమ్మె మీద గాయం కీలాయిడ్‌గా, అంటే గాటుని మించి పెరిగే గట్టి కండగా మారే అవకాశం ఎక్కువ. ఇంతకుముందు చెవులు కుట్టించుకున్న చోటో, టీకా వేసిన చోటో అలా ఉబ్బి ఉంటే ముందే చెప్పండి. అలాంటివాళ్లకి ఛాతీ మీద హాని లేని మచ్చని అందం కోసం తీయిస్తే అంతకంటే పెద్ద మచ్చ మిగలొచ్చు. అక్కడ ఉంచుకోవడమే మంచి ఎంపిక. ముఖం మీద కుట్లు 5 నుంచి 7 రోజుల్లో తీస్తారు, వీపు మీద 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఎండ తగలనివ్వకపోతే గీత నల్లబడే అవకాశం తగ్గుతుంది.

కుర్చీలో కూర్చునే ముందు మూడు మాటలు అడగండి. ఇది ఏ మచ్చ అని మీరు అనుకుంటున్నారు? తీసిన ముక్క ల్యాబ్‌కి వెళ్తుందా? రిపోర్ట్ ఎప్పుడు, ఎవరు నా చేతికిస్తారు? మొదటిదానికి పేరు చెప్పలేకపోయినా, రెండోదానికి "అవసరం లేదండి, మామూలు పుట్టుమచ్చే" అన్నా నేను లేచి వచ్చేస్తాను.

పోయిన నెల అక్క ఇంకో మచ్చ తీయించుకుంది. కుడి భుజం మీద, బ్యాగు పట్టీ రాసుకుని అస్తమానం మండే చోట. భుజం కదా, కీలాయిడ్ సంగతి ముందే మాట్లాడుకున్నారు. ఒంటి మీద ఎక్కడా అలా ఉబ్బిన గాయం లేదు కనుక షేవింగ్‌కి ఒప్పుకున్నారు. అయిదు నిమిషాల తర్వాత నర్సు, ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం పోసిన చిన్న సీసాలో ఆ బుడిపెని వేసి మూత బిగించింది. అక్క దాన్ని అడిగి చేతిలోకి తీసుకుని, లేబుల్ మీద తన పేరు, తేదీ, "కుడి భుజం" అన్న మాట సరిగ్గా ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ చదివి, తిరిగి ఇచ్చింది.